రాళ్ళ వాలు మీద నేర్పిన పరుగు

ఆ పోస్టుకి మేం చేరింది జూన్‌లో, మధ్యాహ్నం రెండింటికి. చివరి గంటంతా ముందువాడి బూటు మడమ చూస్తూ ఎక్కాం. వీపున సంచి, భుజాన రైఫిలు, నడుముకి తూటాలు. శిఖరం మీద రాళ్ళు పేర్చి కట్టిన బంకర్లు. చెట్టన్నది లేదు. పడమట లోయ, లోయకి అవతల శత్రువు మెషిన్‌గన్. మేం ఎవరి స్థానంలో వచ్చామో ఆ దళం వంటవాడు, దిగిపోవడానికి సామాను కట్టుకుని నిలబడ్డవాడు, మా కళ్ళ ముందే కూలిపోయాడు. దవడ ఎగిరిపోయింది. నాకు అక్కడ ఎదురైన మొదటి మనిషి ఆయనే.

పోస్టులో నీళ్ళు లేవు. ఊట ఉన్నది పక్క వాలు దాటాక. ఆ వాలు నూటయాభై గజాలు, అంతా వదులు రాళ్ళు, ఎక్కడా చాటు లేదు. రాత్రి వెళ్తే రాళ్ళు జారి చప్పుడయ్యేది, ఆ చప్పుడు మీదికి మోర్టారు గుండు వచ్చేది. అందుకని పొద్దున్న ఏడింటికి దాటేవాళ్ళం. ఆ వేళకి సూర్యుడు మా వెనకనుంచి వాళ్ళ కళ్ళలో పడతాడు. అయినా మొదటి వారంలోనే ఇద్దరు పోయారు. రెండోవాడు పోయింది మొదటివాణ్ణి లేపబోయి.

సుబేదార్ సాబ్ నన్ను పిలిచారు. బెటాలియన్ తరఫున క్రాస్ కంట్రీ పరిగెత్తేవాణ్ణని ఆయనకి తెలుసు.

"వీళ్ళకి పరుగు నేర్పు. పడ్డవాడి దగ్గర ఎవడూ ఆగకూడదు. ఆ గన్ను పడ్డవాణ్ణి ఎర పెట్టుకుని కూర్చుంటోంది. దాటి పొమ్మను. కాల్పులు ఆగాక తెచ్చుకుందాం."

కోచ్‌గా నా మొదటి ఉద్యోగం అది.

శిఖరం వెనక, శత్రువుకి కనపడని చోట, అలాంటి రాళ్ళ మీదే నేర్పాను. మా రాజోలు వైపు వానాకాలం వరిగట్ల మీద పరిగెత్తి పెరిగినవాణ్ణి. తడి గట్టు మీద పెద్ద అంగ వేస్తే చేలో పడతాం. పాదం పూర్తిగా ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి, పొట్టి అడుగులు వెయ్యాలి. రాళ్ళకీ అదే పనికొచ్చింది. నీళ్ళ డబ్బా అంచుదాకా నింపమన్నాను. సగమే నింపితే నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుని మనిషిని పడేస్తాయి. మనిషికీ మనిషికీ ఇరవై గజాల ఎడం పెట్టాను.

మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది అంబాజీపేట. వాళ్ళ నాన్న లారీలకి కొబ్బరికాయలు ఎత్తేవాడు. వీడు అందరికంటే బాగా పరిగెత్తేవాడు, అందరికంటే ఎక్కువ వాగేవాడు.

"రాజోలోళ్ళు కూడా పరిగెడతారాండీ అన్నయ్యగారూ? బస్సు కదిలిపోతే తప్ప!"

"అంబాజీపేటోళ్ళు అదీ చెయ్యరు కదరా. లారీ ఎక్కి పడుకుంటారు."

"ఆయ్! కొబ్బరి పీచు మీదండి. మెత్తగా ఉంటది."

రోజూ ఒకణ్ణి రాళ్ళ మీద పడుకోబెట్టి, మిగతావాళ్ళని వాడి మీదనుంచి దూకి పొమ్మనేవాణ్ణి. మా నాన్నగారు చర్చిలో సంఘ పెద్ద. పటాలంలో చేరకముందు నేను సండే స్కూల్లో మంచి సమరయుడి కథ చెప్పేవాణ్ణి. దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి చూసి యాజకుడు పక్కనుంచి పోయాడు, గుళ్ళో సేవ చేసే లేవీయుడూ పోయాడు. ఆగింది సమరయుడొక్కడే. నేనిక్కడ పాతికమంది లేవీయుల్ని తయారుచేస్తున్నాను. మోకాళ్ళూని, ఇది తప్పా అని ప్రభువుని అడిగాను. ఆ తర్వాత చాలా రోజులు వాలు మీద ఎవరూ పోలేదు. అదే జవాబనుకున్నాను.

ఆగస్టులో ఒకరోజు పొద్దున్నుంచీ మోర్టారు గుళ్ళు కురిశాయి. నీళ్ళ డబ్బాల్లో మూడు ఖాళీవి తప్ప అన్నీ తూట్లు పడ్డాయి. నర్సింగ్ అసిస్టెంట్ బంకర్‌లో ముగ్గురు గాయపడి ఉన్నారు. ఒకడికి మోకాలి కింద కాలు లేదు. నాలుక బయటపెట్టి నీళ్ళు అడుగుతున్నాడు. సాయంత్రం నాలుగైంది. ఇప్పుడు ఎండ మా కళ్ళలో ఉంది.

"ముగ్గురు కావాలి," అన్నారు సుబేదార్.

నేను, ఒక బిహారీ సిపాయి లేచాం. ఆపరేటర్ తన సెట్టు పక్కవాడికిచ్చి తనూ వచ్చాడు. వెళ్ళేటప్పుడు గన్ను మోగలేదు. ఊట దగ్గర నింపుకున్నాం. తిరిగొస్తూ సగం దాటాక మోగింది. అందరికంటే ముందున్న ఆపరేటర్ పడ్డాడు.

రాతి ముక్కలు ఎగిరి నా మొహం చీరాయి. వాడి దగ్గరికొచ్చాను. రొమ్ము మీద నెత్తురు నురగ కడుతోంది.

"ఆగకండి అన్నయ్యగారూ. పోండి, పోండి."

దాటాను. నా వెనక బిహారీ సిపాయీ దాటాడు. బంకర్‌లోకి పడ్డాక చూస్తే నా డబ్బాకి తూటా తగిలి నీళ్ళు కారిపోతున్నాయి. నర్సింగ్ అసిస్టెంట్ అరచేత్తో చిల్లు మూసి లాక్కున్నాడు. కాలు పోయినవాడు తాగాడు. వాడు బతికాడు.

చీకటి పడ్డాక, మోర్టారు పడుతుండగానే, ఆపరేటర్‌ని తాడు కట్టి లాక్కొచ్చాం. అప్పటికే చల్లబడిపోయాడు.

కొన్నేళ్ళకి పెన్షన్ తీసుకుని రాజోలు వచ్చేశాను. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు, నీ పక్కన వెయ్యిమంది పడినా అపాయం నీ దగ్గరికి రాదనే తొంభై ఒకటో కీర్తన చదివి, నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి, దేవునికి స్తోత్రం అన్నాను. కూర్చున్నాను.

హైస్కూల్ డ్రిల్లు మాస్టారు పరుగు పందేల పిల్లల్ని నాకు అప్పగించారు. కాలవ గట్ల మీదా, సముద్రపొడ్డు ఇసకలోనూ పరిగెత్తించాను. ఒక ఏడు ఆలమూరులో పోటీ. మా జట్టు అమ్మాయి ఒకతె రెండో స్థానంలో వస్తోంది. ముందున్న పిల్ల గట్టు మీద జారి బోర్లాపడింది, గడ్డం చితికింది. మా అమ్మాయి ఆగింది. లేపి, భుజం పట్టి నడిపించుకొచ్చింది. ఇద్దరూ ఆఖర్న వచ్చారు.

డ్రిల్లు మాస్టారు మండిపడ్డారు. "చేతిలోకొచ్చిన పందెం అండీ! ఆగమని మీరే నేర్పేరా ఏంటి?"

"ఆయ్. నేనే నేర్పేనండీ."

కొండ మీద ఆర్డరు సరైనదే. ఆగి ఉంటే ఇంకో ఇద్దరం పోయేవాళ్ళం, బంకర్‌లో వాడూ పోయేవాడు. ఈ మాట ప్రార్థనలో కూడా చెప్తాను. కానీ దాటేటప్పుడు నేను కిందకి చూశాను. ఆపరేటర్ ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. చెయ్యి నన్ను పొమ్మంటోంది. కాళ్ళు మాత్రం, పడిపోయామన్న సంగతి వాటికింకా తెలియనట్టు, రాళ్ళని తన్నుకుంటూ పరిగెడుతూనే ఉన్నాయి.