నాన్న పెట్టె మీది నంబరు

మా నాన్న మిలటరీలో పనిచేశాడని చెప్పడానికి మా ఇంట్లో మిగిలిన సాక్ష్యం ఒక ఇనుప ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల రంగుతో ఏడంకెల నంబరు రాసి ఉండేది. కాగితాలన్నీ తొంభై ఆరు తుపానులో తడిసి ముద్దయ్యాయి. అమ్మ వాటిని ఎండబెట్టి చూసింది గానీ, అవి చెదలకి కూడా పనికిరాకుండా పోయాయి. ఆ తర్వాత రెండేళ్ళకి నాన్న పోయాడు.

నాన్న పటాలంలో ఉన్నది ఏడేళ్ళే. నానమ్మ మంచాన పడితే వదిలేసి ఇంటికి వచ్చేశాడు. పెన్షను లేదు. తర్వాత బతుకంతా మండపేటలో ఒక రైసు మిల్లుకి కాపలా కాశాడు. మిలటరీ సంగతులు అడిగితే "చలి తల్లీ, మహా చలి" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు. ఆయన చెప్పనిదంతా అమ్మ చెప్పేది. ఆవిడ లెక్కలో నాన్న కొండల మీద తుపాకీ పట్టుకుని శత్రువుని నిలువరించాడు. నేనూ తమ్ముడూ ఆ కథ వింటూనే పెరిగాం. బడిలో ఎవరైనా కాదంటే తమ్ముడు కొట్టేవాడు, నేను గిల్లేదాన్ని.

మిల్లు దగ్గర మాత్రం ఇంకో మాట నడిచేది. ధాన్యం తోలుకొచ్చే మా ఊరి పెద్ద ఆసామి ఒకాయన, నాన్న ఎదురుపడితే చాలు, "ఏరా మిలట్రీ, అక్కడ తుపాకీ పట్టావా, గరిటె పట్టావా?" అనేవాడు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నాన్న పోయిన ఆరేడు నెలలకి, చర్చిలో ఏడాది జ్ఞాపకార్థ కూడిక నాటికి సమాధి మీద రాతి పలక వేయించాలనుకున్నాం. పేరు కింద "భారత సైన్యంలో సిపాయి" అని ఉండాలని అమ్మ పట్టు పట్టింది. ఊళ్ళో మాట దాగదు కదా. "రాయి మీద చెక్కిస్తే అబద్ధం నిజమైపోద్దేంటి?" అన్నాడట ఆసామి. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

"కాగితం తెప్పించమ్మాయ్. కాగితం వచ్చాకే రాయి" అంది నాతో.

నేనప్పటికి హైస్కూల్లో సోషల్ టీచర్ని. దేశానికి ఎవరెవరు ఏం చేశారో పిల్లలకి నూరిపోసే దాన్ని, కన్నతండ్రి ఏం చేశాడో చూపించలేకపోతే ఎందుకు ఆ చదువు అనిపించింది. కాకినాడలో మాజీ సైనికుల ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కూర్చునే రిటైర్డు సుబేదారు గారు, "నంబరుందా అమ్మా? నంబరుంటే మనిషి దొరికినట్టే" అన్నారు. ఆయన చెప్పినట్టు ఇంగ్లీషులో అర్జీ టైపు చేయించి, నాన్న పేరు, నంబరు రాసి, డెత్ సర్టిఫికెట్ జతచేసి ఎక్కడో ఉత్తరాదిన ఉన్న రికార్డు ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపాను.

రెండు నెలలు దాటాక జవాబు వచ్చింది. నాలుగే లైన్లు. మీరు రాసిన పేరుగల వ్యక్తి మా దగ్గర లేరు, ఆ నంబరు వేరొకరిది అని.

తమ్ముడు నా చేతిలోంచి లాక్కుని చదివాడు.

"నాన్న ఆ పెట్టె ఎక్కడైనా కొన్నాడంటావా అక్కా?" అన్నాడు.

వాడి మీద చెయ్యెత్తాను. వాడలా అన్నందుకు కాదు, సరిగ్గా ఆ అనుమానమే నాకూ వచ్చినందుకు.

అమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. "ఏ పేరు రాసి పంపావేంటి?" అంది. చెప్పాను. "అది చర్చి పేరు కదా. మా పెళ్ళికి ముందు అయ్యగారు బాప్తిస్మమిచ్చి పెట్టిన పేరు. పటాలంలో చేరినప్పుడు ఆ పేరెక్కడిది?"

"మరి అప్పటి పేరేంటమ్మా?"

"నేనెలా చెప్తానే?" అంది.

మొగుడి పేరు పెళ్ళాం పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని మా వైపు పట్టింపు. మేం చర్చికి వెళ్ళడం మొదలుపెట్టినా అది మాత్రం మా ఆడవాళ్ళని వదల్లేదు. "ఆయన పోయి ఏడాదవుతుంటే ఇంకా తగ్గడానికి ఆయుష్షెక్కడుంది?" అని అరిచేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అమ్మ కోపగించుకోలేదు. చేట పక్కన పెట్టి, "ద్రాక్షారామం గుళ్ళో ఉంటాడు చూడు, ఆ దేవుడి పేరే" అంది.

ముప్పై దాటిన నాకు కన్నతండ్రి తొలి పేరు ఆ రోజు తెలిసింది. మా ఇళ్ళల్లో చర్చి పుస్తకంలో ఒక పేరు, ఊళ్ళో ఒక పేరు ఉండటం మామూలే. కానీ నాన్నని ఊరంతా మిలట్రీ అనే పిలవడంతో ఆ పాత పేరు మరుగున పడిపోయింది. రేషను కార్డులో కూడా చర్చి పేరే ఎక్కింది.

రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ పంపమన్నారు సుబేదారు గారు. దానికి ఇద్దరు సాక్షులు కావాలి. మా మేనత్త వేలిముద్ర వేసింది. నాన్నని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళలో సంతకం చేయగలిగింది ఆసామి ఒక్కడే. పళ్ళు బిగబట్టి ఆయన అరుగు దగ్గరికి వెళ్ళాను. "పేరుకైతే పెడతానమ్మా సంతకం. తుపాకీకి పెట్టను" అని నవ్వుతూనే పెట్టాడు.

ఈసారి కవరు మందంగా వచ్చింది. ఇంగ్లీషులో అన్నీ పొడి అక్షరాలు, సగం సంగతి తెలియలేదు. అమ్మనీ తమ్ముడినీ వెంటబెట్టుకుని కాకినాడ వెళ్ళాను. సుబేదారు గారు ఒక్కొక్కటీ తెలుగులో చెప్పారు. ఊరు, తండ్రి పేరు, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, ఎడమ మోకాలి మీద పాత గాయం మచ్చ.

"ఎడమ మోకాలేనండి" అంది అమ్మ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఆయన వేలు కింది గడి మీద పెట్టి, "పని, వంట" అన్నారు.

తమ్ముడు తల దించుకున్నాడు. నాకు ఆసామి నవ్వు వినబడినట్టయింది. "పొరపాటేమోనండీ, మళ్ళీ చూడండి" అన్నాను.

"లేదమ్మా. ఏడేళ్ళూ వంటే. నడవడిక ఆదర్శప్రాయం అని రాశారు. ఆ మాట అందరికీ రాయరు."

అప్పుడు అమ్మ అడిగింది. "ఎంతమందికి వండేవారండి?"

"పటాలంలో ఒక్కో కంపెనీకి నూట పాతిక మంది దాకా ఉంటామమ్మా."

"వాళ్ళంతా ఎవరండి? మా వాళ్ళేనా?"

అమ్మ ఏం అడుగుతోందో ఆయనకి అర్థమైంది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"అన్ని కులాల వాళ్ళమూ అమ్మా. నేను అగ్రహారంలో పుట్టినవాణ్ణి. ఇరవయ్యేళ్ళు అలాంటివాళ్ళ చేతి అన్నమే తిన్నాను. మేం తుపాకీ పేల్చింది ఎప్పుడో ఒకసారి. అన్నం తిన్నది ప్రతిపూటా. మంచులో వేడన్నం పెట్టేవాణ్ణి మేమెవరం చిన్నచూపు చూడలేదు."

మా ఊళ్ళో ఆసామి ఇంట మేం దాహమడిగితే పైనుంచి దోసిట్లో పోసేవారు. మిల్లులో నాన్న గ్లాసు వేరే ఉండేది. ఆ మనిషి వండింది నూట పాతిక మంది బంతిలో కూర్చుని తిన్నారు. ఇంత గొప్ప సంగతి మాకు చెప్పకుండా పోయాడని ముందు నాన్న మీద కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆయన నోరు నొక్కింది ఆసామి ఒక్కడే కాదు, తుపాకీ కథ చెప్పుకుని మురిసిపోయిన మేం కూడా. బస్సు స్టాండుకి నడుస్తుంటే తమ్ముడు ఆ కవరు నాకివ్వకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

మర్నాడే రాజమండ్రిలో రాయి చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళాం. "భారత సైన్యంలో వంటవాడు" అని అమ్మ చెప్పింది. ఆయన చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"సిపాయి అని వేసేద్దామండీ, ఎవరడుగుతారు? వంటవాడని ఎవరైనా చెక్కించుకుంటారాండి?"

"చెక్కు బాబూ" అంది అమ్మ. "మా ఊళ్ళో ఆయన ముంచిచ్చిన నీళ్ళు ఎవరూ తాగలేదు. అక్కడ నూట పాతిక మంది ఆయన చేతి కూడు తిని దేశాన్ని కాశారు. వంటవాడనే చెక్కు. మా ఆసామికి చూపు ఆనదు, పెద్దక్షరాలు వెయ్యి."