నర్సమ్మ ఎత్తిన చేయి

ఆస్పత్రిలో పనిచేసే ఆ నర్సమ్మ గుర్తొస్తే ముందు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. తొంభైల్లో, ఖతర్‌లోని అల్ ఖోర్‌లో మా తెలుగు సంఘం ఎన్నికలకు మా వర్గం తరఫున ఎవరు నిలబడాలో చేతులెత్తి తేల్చుకున్నాం. ఒకరు మా కంపెనీ మేనేజరు. రెండోవాడు, కార్మికుల క్యాంపులో జబ్బుపడ్డవాళ్ళను ఆస్పత్రికి చేర్చే బస్సు డ్రైవరు. అతని పేరు కూడా సగం మందికి తెలియదు.

డ్రైవరుకు ఆమె ఒక్కతే చేయెత్తింది. మేనేజరు కింద పనిచేసే భర్త ఆ చేయి కిందికి లాగేశాడు. ఆమె రెండో చేయి ఎత్తింది.

"ఇంటికి ఒక్కటే ఓటమ్మా, మీ ఆయనది రాసేసుకున్నాం," అన్నాడు కార్యదర్శి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీరు కూడా మేనేజరుగారికే చేయెత్తారేంటండీ?"

"నా వీసా ఆయన చేతుల ఉన్నదమ్మా," అన్నాడతను తల వంచుకుని.

ఆమె చేయి దించలేదు. మేం మాత్రం మేనేజరు తెప్పించిన బిర్యానీకి వరుస కట్టాం.