మొదట్నుంచీ చెప్పమ్మా

1980 జూలై 14, సోమవారం, పగలు పదకొండుంబావు. గురజాలలో నా తొమ్మిదో తరగతి, సోషల్ పీరియడు. మాస్టారు అడిగినదానికి జవాబు చెప్పడానికి లేచాను. జవాబు నోట్లోనే ఉంది. కుడి మోకాలు నిలవలేదు. బెంచీ మీద కూలబడ్డాను.

మర్నాటికి రెండో మోకాలూ వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. నాన్న నన్ను బస్సులో నరసరావుపేట తీసుకెళ్ళాడు. డాక్టరు గారు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. కీళ్ళజ్వరమన్నారు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించాలి, ఏళ్ళ తరబడి. "సూది తప్పితే గుండెకి పట్టుద్ది" అని నాన్నతో చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

ఆ మాట నాలో తిరగడం మొదలైంది. అన్నం ముందు కూర్చున్నా అదే, జడ వేసుకుంటున్నా అదే. బస్సు రాకపోతే? షాపులో మందు లేకపోతే? కాంపౌండరు ఊళ్ళో లేకపోతే? చివరికంటా పోయి మళ్ళీ మొదటికొచ్చేది. చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయేది. గట్టిగా కొట్టుకుంటే ఎందుకని భయం, తెలియకపోతే ఆగిందేమోనని భయం.

మా వైపు పలకరించడానికి వచ్చినవాళ్ళకి సంగతంతా జబ్బుమనిషి నోటితోనే వినాలని ఉంటుంది. అమ్మ చెబితే చాలదు. బ్రెడ్డో నాలుగు బత్తాయిలో మంచం మీద పెట్టి, నా కాళ్ళ దగ్గర కూర్చుని "మొదట్నుంచీ చెప్పమ్మా" అనేవాళ్ళు. పైపైన చెబితే "మేమేమన్నా పరాయివాళ్ళమా" అని నొచ్చుకునేవాళ్ళు.

"గుండెకి కూడా పట్టుద్దంటగా?"

"సూది తప్పితే పట్టుద్దంట పెద్దమ్మా."

"తప్పనీయమాకండి. మా మరిది కూతురికి అట్టాగే..."

ఆ మాట పూర్తికాకుండా అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టేది. మిగిలింది ఆమె వెళ్ళాక నేనే పూర్తిచేసుకునేదాన్ని.

ఎదురింట్లో సైకిల్ షాపు సాయిబు గారి భార్యని నేను పిన్నీ అనేదాన్ని. అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆమె సేమ్యా తెచ్చింది. ఆమె అడక్కుండానే నేను దిండు సర్దుకుని సోమవారం, పదకొండుంబావు అని మొదలుపెట్టాను.

"ఆ కథ నాకొచ్చులేవే. నీకంటే బాగా చెప్తా. మనం మాచర్లలో సినిమాకి పోయిన రోజు చెప్పు."

"ఎప్పుడూ పోతాం గద పిన్నీ."

"ఎప్పుడూ ఏందే? పోయింది ఒక్కసారి. మళ్ళీ పోదామంటే మీ బాబాయి కదిలితేగా."

నాకు నవ్వు రాలేదు. వెతికాను. సినిమా అంటే చీకటిగా ఉంటుంది, జనం ఉంటారు. అంతకుమించి ఏమీ దొరకలేదు.

"బస్టాండులో వాన. నీ చెప్పు తెగింది. చంకనెక్కుతానని ఏడిస్తే అంత పిల్లని నేను మోయలా? నడుం ఇప్పటికీ పట్టేసి ఉంది."

నాకు తెలియదన్నాను. పిన్ని సేమ్యా గిన్నె కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

ఆ సాయంత్రం ఒక్కో రోజునూ పిలిచి చూశాను. బడికి పోయేదాన్ని. నాయనమ్మతో పొలానికి పోయేదాన్ని. కోటప్పకొండ తిరణాలకి పోయేవాళ్ళం. అన్నీ ఒకే ముద్దలా ఉన్నాయి. ఒక్కసారి వింటే పాఠం అప్పజెప్పే పిల్లననేవాళ్ళు నన్ను. ఆ పిల్లకి గంటతో సహా విడిగా నిలిచింది ఆ సోమవారం ఒక్కటే. గుండె సంగతి మర్చిపోయి, ఇప్పుడు బుర్రకి పట్టిందేమోనని వణికాను.

మర్నాడు పిన్ని మా అమ్మతో అనడం విన్నాను. "వచ్చినోళ్ళకి నువ్వే చెప్పక్కా. పిల్లచేత చెప్పించమాక."

"ఏమనుకుంటారో మా వదినావాళ్ళూ..."

"అనుకోనీ. పిల్ల చానా అరిగిపోతంది."

అమ్మ ఒప్పుకోవడానికి సంక్రాంతి నెల దాకా పట్టింది. ఈలోపు నాయనమ్మ మంచాన పడింది. ఆమె పోయిన రోజు నా సూది రోజు. అందరూ ఆమె చుట్టూ ఉంటే నేను గుమ్మంలో నిలబడి పన్నెండు గంటల బస్సు తప్పుతుందేమోనని ఆలోచిస్తున్నాను. నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచి ఏదో చెప్పిందట. నేను తలూపానట. ఆ మాట ఇంకెవరికీ వినపడలేదు. విన్నదాన్ని నేనొక్కదాన్నే.

తర్వాత పిన్ని వచ్చినప్పుడల్లా జబ్బు ఊసెత్తనివ్వకుండా ఏదో ఒక పాత రోజు గురించి అడిగేది. మాచర్ల వాన ముందు గుర్తొచ్చింది, తర్వాత తెగిన చెప్పు. ఆమె చెప్పగా వచ్చాయో వాటంతటవే వచ్చాయో తేల్చుకోలేను. తేదీ, గంట పట్టుకుని బతకడం నాకు అప్పుడు పట్టిన అలవాటే. చాలా ఏళ్ళకి డాక్టరు గారు ఇంక సూదులు అక్కర్లేదన్నారు.

మోకాళ్ళు బాగున్నాయి. గుండెకి ఏమీ కాలేదు. పోయినవి: తొమ్మిదో తరగతి, ఒక ఏడు, మళ్ళీ చదివాను. మాచర్ల సినిమా, సగం. నాయనమ్మ ఆఖరి నెల, మొత్తం. ఆమె చెప్పిన మాట, ఒకటి.