పెద్దమ్మ తలనీలాల మొక్కు

పోయిన నెల ఒక ఉదయం, జగిత్యాల ఆసుపత్రిలో నేను డ్యూటీ దిగుతుండగా, కోరుట్ల నుంచి పెద్దబాపు ఫోన్ చేశాడు. "మీ పెద్దమ్మ పోయింది బిడ్డా. చాయ్ తాగుతనన్నది, తెచ్చేవరకు లేదు" అన్నాడు. నేను నర్సును. వేరేవాళ్ల ఇళ్లకు ఇలాంటి కబుర్లు చెప్పడం నా పనిలో భాగం. ఆ రోజు మాత్రం "నువ్వు తాగినవా?" అని అడిగాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. సిరిసిల్లలో మరమగ్గాల ఇంట పుట్టి కోరుట్లకు కోడలిగా వచ్చింది. అక్కడ బీడీలు చుట్టడం నేర్చుకుని అత్తనే మించిపోయింది. ఒళ్లో చేట పెట్టుకుని, చెయ్యి ఆపకుండా, తల ఎత్తకుండా వాడకట్టు సంగతులన్నీ చెప్పేది. ఆదివారం మాత్రం చేట ముట్టేది కాదు. అది తలంటు రోజు. నడుం దాటిన జుట్టును ఎండకు ఆరబెట్టుకుంటూ, "గిది నాది గాదు, రాజన్నది. నా తాన పెంపకానికున్నది" అనేది. మా అమ్మకు కాన్పు కష్టమైనప్పుడొకసారి, పెద్దబాపుకు లారీ తగిలినప్పుడొకసారి వేములవాడ రాజన్న గుడికి వెళ్లి తలనీలాలు ఇచ్చింది. గండం దాటిన వారంలోనే ఇచ్చేది. "మొక్కు మెడ మీద పెట్టుకోని తిరుగొద్దు" అనేది.

మెడ పక్కన గడ్డ లేచినప్పుడు కూడా అలాగే మొక్కుకుంది. హైదరాబాదులో పరీక్షలు చేసి లింఫోమా అన్నారు. లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సర్. మూడు వారాలకోసారి కీమో, మొత్తం ఆరు విడతలు. పూర్తి చేస్తే నయమయ్యే అవకాశం బాగానే ఉందని, మధ్యలో వదిలేసి తిరగబెడితే మాత్రం చాలా కష్టమని డాక్టరు నాతో చెప్పాడు. నేను పెద్దమ్మకు మొదటి సగమే చెప్పాను. భయపెట్టడం ఎందుకనుకున్నాను.

మొదటి విడతకే జుట్టంతా దిండు మీదికి వచ్చింది. మూడో విడతకు గడ్డ కరిగింది. మొక్కు తీర్చే వేళకు ఇవ్వడానికి తల మీద ఏమీ లేదు. "దేవునికిచ్చేది మందు దిన్నది" అని నవ్వింది. నాలుగో విడతకు వెళ్తే మొలిచేది మళ్లీ రాలిపోతుంది. అందుకని వెళ్లడమే మానేసింది. పెద్దబాపు ఆమె మాట జవదాటడు. నేను ఫోన్ చేస్తే ఇద్దరూ "పోయొచ్చినం" అన్నారు.

రెండున్నర నెలలకు నాకు కోరుట్ల వెళ్లే తీరిక దొరికింది. తల నిండా మెత్తగా నెరిసిన జుట్టు, గోరెడంత. నిమిరి, "మంచిగ మొలుస్తున్నది పెద్దమ్మా" అన్నాను. మొన్నమొన్నటిదాకా కీమో ఎక్కిన తల మీద అంత దట్టంగా మొలవదని నాకు తెలుసు. ముచ్చటపడి ఆలోచించలేదు. అందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆ సోమవారమే ఆమె వేములవాడ వెళ్లి గోరెడు జుట్టూ ఇచ్చి వచ్చింది. నెల తిరక్కుండా మెడ మీద ఒకటి, చంకలో ఒకటి గడ్డలు లేచాయి. ఈసారి వార్డులో చేర్చుకుని పెద్ద మోతాదు కీమో ఇచ్చారు. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. నోరంతా పుండ్లు, జ్వరం. "తగ్గొచ్చు. కానీ మొదట ఉన్నంత ఆశ లేదు" అన్నాడు డాక్టరు.

"మందు బందువెట్టకుంటె నేను బతుకుతుంటినా బిడ్డా?" అని ఒక మధ్యాహ్నం అడిగింది. ఈసారి నేను సగం దాచలేదు. "ఎక్కువ అవకాశముండె పెద్దమ్మా. అన్ని తీస్కున్నోళ్లల్ల గూడ కొందరికి తిరగబెడ్తది. నీకు ఎట్లయితుండెనో ఎవ్వలు జెప్పలేరు" అన్నాను. "గిది ముందుగాల జెప్పాలె" అంది. కోపంగా అనలేదు, చుట్టిన బీడీ వదులైందని చెప్పినట్టు అంది.

పక్క మంచంలో మా జగిత్యాల వైపు బుగ్గారం ఊరి కోడలు ఒకామె ఉండేది. ఆమెదీ ఇదే జబ్బు, మొదటిసారి. మూడో విడత తర్వాత జ్వరమొచ్చి చేరింది. గడ్డలు కరిగాయి. ఆమెదీ రాజన్నకే తలనీలాల మొక్కు. జుట్టు వచ్చాక, మొక్కు తీర్చాకే మిగతా మందు అని అత్తతో అనడం పెద్దమ్మ చెవిన పడింది. లేవలేని మనిషి మోచేతి మీద లేచింది.

"ఓ పిల్లా, జుట్టు మొల్వనియ్యకు. ఆరు ఎక్కించుకో. నేనెట్లయిన ముందుగాల పోతున్న. నీ మొక్కు జర ఆగుతదని రాజన్నకు నేను జెప్త."

పెద్ద మోతాదు రెండో విడతను పెద్దమ్మ తట్టుకోలేకపోయింది. ఇంటికి తీసుకొచ్చాక పది రోజులుంది.

పదకొండో దినం నాడు, వచ్చినవాళ్లు భోజనాలకు కూర్చుంటుండగా, తల నిండా కొంగు కప్పుకున్న ఒకామె గడపలో ఆగింది. "ఎవలు బిడ్డా?" అన్నాడు పెద్దబాపు. ఆమె పేరు చెప్పలేదు. కొంగు తీసేసింది. తల మీద, కనుబొమల మీద కూడా ఒక్క వెంట్రుక లేదు.

"ఐదైనయి. ఇంకొక్కటే ఉన్నది" అంది.

పెద్దబాపు విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి, ఆ నున్నటి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.