మీసాల చేప కాపలా

రేవు పక్కన ఆరబెట్టిన చేపల బోను, ఇక్కడివాళ్ళు గర్‌గూర్ అనే ఆ ఇనుప తీగల బుట్ట, ఎండకు వేడెక్కి నాచూ తుప్పూ ఎండురొయ్యా కలిసిన వాసన కొడితే ఇప్పటికీ నేను కారు ఆపేస్తాను. వెనకవాళ్ళు హారన్లు కొట్టుకోనీ, నాకేం! నా చిన్నప్పటి శుక్రవారాలన్నీ ఆ వాసనలోనే ఉన్నాయి.

మేం ఈ అరబ్బు దేశంలో, నయీమ్ అనే పేటలో ఒక పాత మేడ మీద ఒంటిగదిలో ఉండేవాళ్ళం. ఉప్పాడ నుంచి వచ్చిన నాన్న తనకు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ పడవ మీద చేపలు పట్టేవాడు, అమ్మ ఇళ్ళలో పనిచేసేది, నేను ఈసా టౌన్‌లో బడికి పోయేదాన్ని. నా బడికి సెలవైన శుక్రవారం తెల్లారేసరికి అమ్మ మామిడి ఒరుగులు వేసి చేపల పులుసు కాచి, చద్దన్నం, ఉల్లిపాయ క్యారేజీలో సర్దేది. ఆ క్యారేజీ నాన్న ఒక్కడికే. మావాళ్ళలో ఆడవాళ్ళు చేపలమ్ముతారు గానీ పడవెక్కరు. ఇంత దూరం వచ్చినా అమ్మ ఆ కట్టుబాటును పాస్‌పోర్టు కన్నా భద్రంగా దాచుకుంది. నాకేమో నీళ్ళలో దిగాలని ప్రాణం కొట్టుకుపోయేది.

ఒక వేసవిలో ఏడ్చి సాధించి నాన్నతో వెళ్ళాను. పగడపు గుట్టల మీద నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున అద్దం బిగించిన డబ్బాను నీళ్ళకు ఆనించి చూస్తే, ఇసుక గుంటలో గుడ్ల ముద్ద, దాని మీద ఒక పెద్ద చేప: మూరకు మించిన పొడవు, పసుపు కలిసిన ఆకుపచ్చ ఒళ్ళు, పెదవి మీద మీసం దిద్దినట్టు నల్లగీత. దాన్నే ట్రిగ్గర్ చేప అంటారు. రాళ్ళలో ఇరుక్కున్న బోను తీయడానికి నాన్న దిగగానే మీదికి దూకింది. మా వాళ్ళంతా నీళ్ళలో ఏ తేడా వచ్చినా నిటారుగా పైకి లేస్తారు. నాన్నా లేచాడు. అదే పొరపాటు. ఆ చేప హద్దు గుంట దగ్గర ఆగదు, గరాటులా వెడల్పవుతూ పైదాకా వస్తుంది. మడమ కండ కొరికేసింది. అల తోసి నాన్న పక్కకు జరిగాకే వదిలింది.

సల్మానియా ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే అమ్మ నా మీద విరుచుకుపడింది. "ఆడపిల్ల పడవెక్కితే ఇలాగే అవుద్దని మొత్తుకున్నానా? ఇయ్యాల్టితో ఖలాస్! మళ్ళీ నీళ్ళ ఊసెత్తావంటే ఊరుకోను."

"నా వల్ల కాదమ్మా, అది గుడ్లకి కాపలా ఉంది" అని రోజుల తరబడి ఆమె కొంగు పట్టుకు తిరిగాను. వేగలేక చివరికి, "సరే, నేనే చూత్తాను. గుడ్లు లేకపోతే ఇంక జన్మలో అడక్కూడదు" అంది.

అమావాస్య రోజుల్లో అది మళ్ళీ గుంట చేసుకుంది. అమ్మ గంగమ్మకు దణ్ణాలు పెట్టుకుంటూ, కళ్ళు మూసుకుని పడవెక్కింది. డబ్బాలోంచి చాలాసేపు చూసింది. చేప గుంటలో పడ్డ గవ్వముక్కల్ని నోటితో తీసి పారేస్తోంది, గుడ్ల మీదికి నీళ్ళు ఊదుతోంది, దగ్గరికొచ్చిన ప్రతి చేపనూ తరుముతోంది.

"పిల్లతల్లి" అంది అమ్మ. "గుమ్మంలోకి పోతే కరవదా మరి? నేనైనా కరుత్తాను." తల ఎత్తి నావైపు తిరిగింది. "దిగు, అమ్మడూ. దానికి ఎడంగా ఆడుకో."

అంత సంతోషం మళ్ళీ నా పెళ్ళిలో కూడా పడలేదు!

ఆ తర్వాత ఎన్ని వేసవులో! ఆ జాతి చేప నోటితో నీళ్ళు చిమ్మి, ముళ్ళ బంతిలాంటి జీవిని వెల్లకిలా తిప్పి కరకరా నమలడం చూశాను. దాని వెనక చిన్న చేపలు బంతి భోజనాల దగ్గరలా కాచుక్కూర్చునేవి. రెండు కళ్ళూ దేని దారిన అది తిప్పేది. బెదిరితే రాతిసందులో దూరి, వీపు మీది ముల్లు గడియలా నిలబెట్టుకునేది. ఇక లాగినా రాదు. ఇప్పుడు ఇక్కడే పిల్లలకు ఈత, డైవింగ్ నేర్పుతున్నాను. ట్రిగ్గర్ చేప తరిమితే పైకి కాదు, పక్కకు పొండి అని మొదటి రోజే చెబుతాను.

నాన్న పోయాడు. ఆ గుట్టల మీద ఇసుక పోసి సముద్రాన్ని పూడ్చి, రోడ్డేసి, మేడలు లేపారు. మొన్న అమ్మను కారులో అటు తీసుకెళ్ళి, ఇక్కడే అని చూపించాను.

"మనిసినైతే తరిమింది. లారీ ఇసకనేం తరుముద్ది పాపం" అని కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. అంతలోనే కొంగు దులుపుకుని నన్ను కసిరింది.

"ఏడిత్తే వత్తాదా? పడవ మాటాడు. ఇంకో గుట్ట మీదుంటాది, ఎతుకుదాం."