మా వదిన మోసిన బియ్యం డబ్బా

మా వదిన పోయింది. గురువారం పొద్దున పాస్టరయ్య వచ్చి గడపలో నిలబడి చెప్పినప్పుడు నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. ఏరడం ఆపలేదు. రాళ్లన్నీ అయిపోయాక కూడా వేళ్లు ఊరికే తిరుగుతూనే ఉన్నాయి.

మట్టి ఇచ్చేచోట నాలుగు మాటలు చెప్పమన్నాడాయన. లేచాను. మళ్లీ కూర్చున్నాను. నలుగురిలో మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది పెద్దమందడి దగ్గర పల్లె. నేనూ నా భార్యా వయసంతా వలస పనిలోనే గడిపాం. కాలువలు తవ్వేచోట, టార్పాలిన్ పట్టా కప్పిన గుడిసెలో మోకరిస్తే దేవుడు పక్కనే కూర్చున్నట్టు ఉండేది. చివరికి ఊరికి వచ్చి, సొంత కప్పు కింద కూర్చున్న ఏడాదికే ఆమెకు జబ్బు చేసింది. మా చర్చి సంఘమంతా ఆమె కోసం ఉపవాసం ఉంది. అయినా వనపర్తి దవాఖానలోనే ఆమె పోయింది.

ఆ తర్వాత ప్రార్థన చేస్తే ఖాళీ వడ్ల గుమ్మిలో తల పెట్టి మాట్లాడినట్టు ఉండేది. నా మాటే నాకు తిరిగి వచ్చేది. మోకాళ్ల మీద నిలవలేక లేచేవాణ్ణి, వాకిట్లోకి పోయేవాణ్ణి, మళ్లీ లోపలికి వచ్చేవాణ్ణి. అట్లా అట్లా చర్చికి పోవడమే మానేశాను.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. వండే ముందు పూటపూటా ఒక పిడికెడు బియ్యం దేవుని పేర తీసి డబ్బాలో వేస్తాం. ఆదివారం చర్చిలో దుప్పటి పరిచి, ఎవరి ఇంటిదో పేరు చెప్పి, అందరి డబ్బాలూ గుమ్మరిస్తాం. ఆ కుప్ప పొయ్యి వెలగని ఇంటికి పోతుంది. చర్చికి రాని వాళ్ల డబ్బాలు శనివారం ఇంటింటికీ తిరిగి తెచ్చేది మా వదిన. ఎవరూ చెప్పిన పని కాదు, తనే నెత్తిన వేసుకుంది.

వచ్చి పిలిచేది కాదు. డబ్బా మూతతో తలుపు చెక్క మీద రెండు దెబ్బలు కొట్టి గడప మీద కూర్చునేది. దారంతో కట్టుకున్న కళ్లద్దాలు సర్దుకుని అడిగేది.

"ప్రార్థన చేస్తున్నవా మరిదీ?"

"చాతనైతలేదు వదినె. ఆయన నన్ను ఇడిసిపెట్టిండు."

"చాతగాకుంటే చెయ్యకు. పిడికెడు తియ్యి, సాలు. ప్రార్థన నేను చేస్త. నాకేం పనుంది?"

నా భార్య పోయి ఏడాది నిండిన వారం నాకు కోపం ఆగలేదు. బియ్యానికి బదులు మేకకు పెట్టే తవుడు డబ్బాలో వేశాను. వారమంతా వేశాను. శనివారం వదిన వచ్చి డబ్బా ఎత్తుకుని పోయింది, ఏమీ అనలేదు. ఆదివారం నాకు అన్నం దిగలేదు. దుప్పటి మీద అందరి ముందూ ఆ తవుడు పడుతుంది, నా పేరు చెబుతారు. వాకిట్లోకి పోయి చర్చి వైపు చూడడం, ఇంట్లోకి రావడం, సాయంత్రం దాకా అదే పని.

సోమవారం మూత చప్పుడైంది.

"ఏంది మరిదీ, దేవునికి తవుడా? మరి మేకకేం పెట్టినవ్, సన్నబియ్యమా?"

"అందరి ముందట పోసినవా వదినె?"

"నాకేమన్న పిచ్చా? ఎత్తంగనే తెల్సింది, తేలికుండె. తవుడు మా కోళ్లకేసిన. నా బియ్యం పోసి నీ పేరు చెప్పిన. కోళ్లు మాత్రం నిన్ను మస్తు దీవించినయ్."

ఆమె తిరిగి తెచ్చిన ఖాళీ డబ్బా అందుకుని అడుగులోకి చూస్తున్నాను.

"గని ఒక్కటి చెప్పు. ఒక్కపారే నింపినవా, పూటపూటకు ఏసినవా?"

"పూటపూటకు."

"మరి? సంబంధం తెగినోడు పూటపూటకు లేచి గింత కష్టపడతడా? నువ్వు అలిగినవ్, గంతే. అలిగినోడు ఇంట్లనే ఓ మూలకు కూసుంటడు. సిలువ మీద కొడుకు గూడ తండ్రిని అడగలేదా, ఎందుకిడిసినవని? నువ్వడిగితే తప్పయితదా?"

ధైర్యం చేసి అడిగాను. "నీకు ఇనవడతదా వదినె, ఆయన మాట?"

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది. "లేదు. మీ అన్న పోయిన కాడికెల్లి ఏం ఇనవడలే."

మా అన్న పోయి ఇరవై ఏళ్లు.

"మరి ఇంటింటికి ఎట్ల తిరుగుతున్నవ్?"

"శనివారం వస్తది గద. డబ్బాలకు పోత. నాకు ఇనవడకుంటే ఏమాయె, నేను చెప్పేది ఆయనకు ఇనవడుతుండొచ్చు గద."

ఆ "ఉండొచ్చు" అనే మాట ఎన్నిరోజులు తలలో తిరిగిందో. ఆయనకు వినబడుతుందని గట్టిగా చెప్పినవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ నన్ను లేపలేకపోయారు. మరుసటి ఆదివారం చర్చికి పోయి తలుపు దగ్గర కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు బయటికి పోయి వచ్చాను. వదిన చూసింది, చూడనట్టే ఉంది. ఇప్పటికీ నాకు ఒక్కచోట కూర్చునే నిలకడ రాలేదు. మోకరిస్తే ఖాళీగానే ఉంటుంది. పిడికెడు మాత్రం ఆపలేదు. నేను చర్చికి పోతున్నా, శనివారం వచ్చి తలుపు కొట్టడం వదిన కూడా ఆపలేదు.

ఈ శనివారం తలుపు చెక్క మీద ఎవరూ కొట్టలేదు. ఆదివారం పొద్దున నా డబ్బా పట్టుకుని బయలుదేరి, సగం దారిలో ఆగిపోయాను. రాని వాళ్ల డబ్బా ఎవరో ఒకరు తేవాలి. ఈసారి రానిది వదిన.

ఒకరింటికి పిలవకుండా పోయే మనిషిని కాదు నేను. పోయాను. ఆమె కోడలు ఏమీ అడగకుండా లోపలికి దారి ఇచ్చింది. డబ్బా పొయ్యి పక్కనే ఉంది. మూత తీశాను. బుధవారం సాయంత్రం ఆమె వేసిన పిడికెడు, పైన చిన్న కుప్పగా, వేళ్ల సందుల్లోంచి జారినట్టే నిలిచి ఉంది.

నా డబ్బా చంకన ఇరికించుకున్నాను. వదిన డబ్బాను రెండు చేతులతో పట్టుకుని చర్చి దారి పట్టాను. మూత పెట్టబుద్ధి కాలేదు. మురుగు మోరీ దాటేచోట కాలు రాయికి తగిలింది. డబ్బా ఊగింది.

"దేవా, జర పైలం," అన్నాను పైకే.

కుప్ప చెదరలేదు.