మూడు లెక్కపెట్టే నియమం

1986 జూన్‌లో నన్ను సాగునీటి శాఖ వైర్‌లెస్ సూపర్‌వైజర్‌గా మాచర్లకు వేశారు. సాగర్ కాలువల మీద ఏ తూము దగ్గర నీటిమట్టం ఎంతుందో రోజుకు నాలుగుసార్లు సెట్‌లో విని పైఆఫీసుకు చేరవేయడం మా సెక్షన్ పని. నా కింద ఆరుగురు ఆపరేటర్లు. జీతం పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాకు వృత్తి నేర్పింది, దాని పక్కనే జీతం లేకుండా చేసిన ఇంకో పని.

ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై లైసెన్సు తెచ్చుకుంటే ఎవరైనా సొంతంగా సెట్టు తయారుచేసుకుని గాలిలో మాట్లాడుకోవచ్చు. అలాంటివాళ్లను హామ్‌లంటారు. పల్నాటిలో అప్పటికి ఏడుగురం ఉండేవాళ్లం. రోజూ పొద్దున ఏడింటికి అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసేవాళ్లం. దాన్ని నెట్ అంటారు. ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో చెప్పేవాడు నెట్ కంట్రోలర్. శాఖలో పనిచేస్తున్నానని ఆ బాధ్యత నాకిచ్చారు. వాళ్లు సరైన మనిషినే ఎంచుకున్నారని నాకూ అనిపించింది.

మైకు మీట నొక్కి మాట్లాడుతున్నంతసేపు ఎదుటివాళ్లు మనకు వినపడరు. అందుకని మాట ముగించి ‘ఓవర్’ అని మీట వదలాలి. అత్యవసరం వచ్చినవాడు ఆ ఖాళీలో ‘బ్రేక్’ అంటే మిగతావాళ్లంతా ఆగి అతనికి దారివ్వాలి. ఈ పద్ధతి మాకందరికీ కంఠతా వచ్చు. మా నెట్‌లో ఆ ఖాళీయే ఉండేది కాదు.

కారణం మా మర్యాద. గురజాల రామకోటయ్యగారు మాలో పెద్దాయన, మాజీ సర్పంచి, అందరికంటే ముందు లైసెన్సు తెచ్చుకున్న మనిషి. పత్తి పురుగు గురించో కాలువ నీళ్ల గురించో పది నిమిషాలు మాట్లాడి ఓవర్ అనేవారు. పెద్దమనిషి మాట చెప్పాక ఎవరూ పలక్కపోతే బాగుండదు కదా. ఆయన మీట వదలడమే ఆలస్యం, నలుగురం ఒక్కసారే ‘అవునండి’ అనేవాళ్లం. ఆ తర్వాత వయసు వరసన మాట్లాడేవాళ్లం. చివరి వంతు పిడుగురాళ్ల ఖాసింది. లారీల మెకానిక్, ఇరవై ఆరేళ్లవాడు. పాత సామానుతో అతను కట్టిన సెట్టు మా శాఖ సెట్ల కంటే శుభ్రంగా పలికేది.

ఆగస్టులో ఒకరోజు పొద్దున పిడుగురాళ్ల రాతి క్వారీలో ఒక కూలీ కాలి మీద బండ పడింది. వానకు టెలిఫోన్ లైన్లు పోయాయి. నరసరావుపేటలో మా సభ్యురాలు సుజాతగారు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. వాళ్ల ఇంటికి రెండిళ్ల అవతలే ఎముకల డాక్టరుగారి ఇల్లు. ఆయన ఆ రోజు ఏడున్నర రైలుకు గుంటూరు వెళ్తారు. ఆయన్ని ఆపమని సుజాతగారికి చెప్పడానికి ఖాసిం సెట్ ముందు కూర్చుని నాలుగుసార్లు బ్రేక్ అన్నాడు. నాలుగుసార్లూ మా అవునండిల కింద అతని మాట పడిపోయింది. వరసలో అతని వంతు వచ్చేసరికి ఏడూ నలభై. డాక్టరుగారు వెళ్లిపోయారు. కూలీని లారీలో గుంటూరు దాకా తీసుకెళ్లారు. అక్కడ మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది.

మర్నాటి నుంచి ఖాసిం నెట్‌కు రాలేదు. సెట్టు విప్పేస్తున్నానని ఒక లారీ డ్రైవరుతో నాకు కబురు పంపాడు. కుర్రవాడు మమ్మల్ని ఒక్క మాట అనకుండా తప్పుకోవడం నాకు కొట్టినట్టయింది. అతను లేకపోతే క్వారీల వైపు మాకు చెవే లేదు. రాతపూర్వకంగా నియమావళి పెట్టుకుందామని అందరికీ చెప్పి చిత్తుప్రతి రాశాను. ఎవరు ఓవర్ అన్నా మనసులో మూడు లెక్కపెట్టే దాకా ఎవరూ మీట నొక్కకూడదు. బ్రేక్ అన్నది ఎవరైనా సరే, వాళ్లదే ముందు వంతు.

మూడు ఆదివారాలు గాలిలోనే వాదించుకున్నాం. రామకోటయ్యగారు మొదటి వారమే కాదన్నారు. “సూపర్‌వైజర్‌గారూ, నేను మాట్లాడినాక మూడు లెక్కేసుకుంటా కూచుంటే, నా మాటకి ఇలువేంది?” అని అడిగారు. ఆయన్ని నొప్పించలేక మిగతావాళ్లు గోడమీద పిల్లులయ్యారు. రెండో వారం కూడా తేలలేదు.

మూడో ఆదివారం సుజాతగారు ఆయన్ని ఒక ప్రశ్న అడిగారు. “బాబాయిగారూ, మీరు ఓవర్ అనగానే మేం నలుగురం అవునండి అంటాం కదా, అది మీకెలా వినపడుతుంది?”

ఆయన దాచుకోలేదు. “ఈల ఇనపడుద్దమ్మా. ఇన్నేళ్లూ సెట్టు పాడైందనుకున్నా. ఖాసిం చేత రెండుసార్లు ఇప్పించి చూపించా గూడా.”

నాలుగు సెట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పలికితే అవి కొట్టుకుని ఈల పుడుతుంది. ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న. మేం నలుగురం అది రాసి ప్యాసైనవాళ్లమే.

అప్పుడు నా లాగ్ పుస్తకం తీశాను. విన్న ప్రతిదీ సమయంతో రాయాలని లైసెన్సు షరతు. ప్రమాదం జరిగిన రోజు ఏడూ పన్నెండుకు నా చేతిరాతలో ‘అంతరాయం’ అని ఉంది. అది చదివి వినిపించి, నేను మీట నొక్కేలోపు ఆ అంతరాయంలో ‘బ్రే’ అన్నంత వరకు నాకు వినపడిందని, రామకోటయ్యగారికి అవునండి అనకుండా ఉండటం ఇష్టంలేక ఎవరని అడగలేదని చెప్పాను. ఓవర్ అన్నాను. ఈసారి ఎవరూ మీట నొక్కలేదు.

ఆ ఖాళీలో ఖాసిం గొంతు వచ్చింది. సెట్టు విప్పలేదు, మూడు వారాలుగా వింటూనే ఉన్నాడు. “వయసు వరసలో నా వంతు ఎక్కడైనా పర్లేదు సార్. బ్రేక్ అంటే మాత్రం ఇనపడాల. ఆ మనిషి కాలు నా ఒళ్లో పెట్టుకుని గుంటూరు దాకా బోయినా.”

రామకోటయ్యగారు మీట నొక్కే ముందు మూడు కంటే ఎక్కువే లెక్కపెట్టి ఉంటారు. “రాసెయ్యండి సూపర్‌వైజర్‌గారూ. తప్పినోడు వారం రోజులు నోరు మూసుకుని ఇనాలని గూడా రాయండి. పెద్దా చిన్నా లేదు. ఖాసిం, నువ్వు రేపు రా అబ్బాయ్.”

అతను వచ్చాడు. రెండో నెలలోనే శిక్ష పడింది, నాకు. అలవాటుకొద్దీ అవునండి అనేశాను. వారం రోజులు మీట ముట్టుకోకుండా విన్నాను, నెట్‌ను ఖాసిం నడిపాడు. నాకంటే బాగా నడిపాడని చెప్పడానికి ఇప్పుడు సంకోచం లేదు.

తర్వాత పదిహేడేళ్లు శాఖలో పనిచేశాను, చాలామంది ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చాను. సగం మాట వినపడితే ఎవరది అని అడగమని, అప్పుడు లైన్‌లో చీఫ్ ఇంజనీరు ఉన్నా సరే అడగమని మొదటి రోజే చెప్పేవాణ్ని. అడగడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రోజు ఏడూ పన్నెండుకు నేను అడిగి ఉంటే డాక్టరుగారి రైలుకు ఇంకా పద్దెనిమిది నిమిషాలు ఉండేవి.